తొందరేమీ లేదన్నారు

డిపోలో అతన్ని అందరూ నిదానం అని పిలిచేవారు. పద్నాలుగో నంబరు రూటు డ్రైవరు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో కోడిపిల్లను కూడా తొక్కించలేదు. గుంత కనబడితే చంకలోని పసిబిడ్డను దింపినట్టు బస్సును దింపి, మళ్ళీ మెల్లగా ఎత్తుకునేవాడు. వెనక హారన్లు మోగుతున్నా, లోపల జనం విసుక్కుంటున్నా తల తిప్పేవాడు కాదు. అలాంటి మనిషి యాభై ఎనిమిదో ఏట నెల రోజులపాటు కాలు కాలిన పిల్లిలా తిరిగాడు.

మొదలైంది బావమరిది వల్ల. ఆయనకు మందుల షాపు, దాని పక్కనే రక్తపరీక్షల గది ఉన్నాయి. "యాభై దాటిన మగాళ్ళు ఓసారి చూపించుకోవాలి బావా, నా మాట విను" అని ఒక ఆదివారం పట్టుబట్టి సూది గుచ్చించాడు. పీఎస్ఏ అనే ఆ పరీక్షలో నాలుగు లోపు ఉండాల్సిన అంకె ఏడు దాటింది. తర్వాత స్కానింగు, ఆ తర్వాత బయాప్సీ. పన్నెండు ముక్కలు తీస్తే నాలుగింటిలో దొరికింది. ప్రోస్టేట్ క్యాన్సర్. గ్రంథి దాటి బయటికి రాలేదు, ఎముకల్లోకి పాకలేదు. తొలిదశ.

భార్యాభర్తలిద్దరూ వెళ్ళి సర్జన్‌ను కలిశారు. ఆపరేషన్ మాట వినగానే నిదానం కుర్చీలోంచి సగం లేచాడు. అందుకని అక్కడి నుంచి రేడియేషన్ డాక్టరు దగ్గరికి పంపారు. ఆవిడ మాట్లాడే ముందు కళ్ళజోడు తీసి టేబులు మీద పెట్టుకుంటుంది.

"ముందు ఒక మాట. తొందరేమీ లేదు. ఇది మెల్లగా పెరిగే రకం. నెల రోజులు తీసుకోండి. ఇద్దరూ కూర్చుని ఆలోచించుకోండి" అందామె.

ఆ మాటే అతనికి ముల్లులా దిగింది. రేపే రమ్మంటే వచ్చేవాడు. బ్రేకు పట్టడం లేదని చెబితే నెల రోజులు ఆలోచించుకోమనే మెకానిక్‌ను అతను ఇంతవరకు చూడలేదు.

ఆమె తెల్లకాగితం మీద గుండ్రంగా ఒక కాయ గీసి మూడు దారులు చెప్పింది. మొదటిది, బయటి నుంచి మెషీన్‌తో రేడియేషన్ ఇవ్వడం, జనం కరెంటు పెట్టడం అంటారే అదే, వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు వారాలు. రెండోది, అదే మెషీను, కానీ రోజు విడిచి రోజు ఐదుసార్లు మాత్రమే. ఒక్కోసారి ఇచ్చే మోతాదు ఎక్కువ. మూడోది రేడియేషన్ గింజలు. మత్తిచ్చి, సూదుల ద్వారా బియ్యపు గింజకన్నా చిన్నవి డెబ్బై ఎనభై గ్రంథి లోపలే అమర్చేస్తారు. ఒక్కరోజు పని. అవి అక్కడే ఉండిపోతాయి, వాటిలోని శక్తి నెలల తరబడి తగ్గుతూ పోతుంది.

"ఏం చేయకుండా కొన్నాళ్ళు పరీక్షలు చేసుకుంటూ కూడా చూడొచ్చు. మీ రిపోర్టు చూస్తే చికిత్స మంచిదని నాకనిపిస్తుంది, కానీ అదీ ఒక దారే."

"లోపల దాన్ని పెట్టుకుని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదండీ" అన్నాడు నిదానం.

"ఈ మూడింట్లో ఏది బాగా నయం చేస్తుంది?" అని అడిగింది అతని భార్య. ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కటింగ్ మాస్టరు. కత్తెర పెట్టాక వెనక్కి తీసుకోలేమని రోజూ నలుగురికి చెప్పే మనిషి.

"మీవారి విషయంలో నయం కావడం మూడింటికీ ఇంచుమించు సమానమే. తేడా అంతా ఇబ్బందుల్లోనే. మూత్రంలో మంట, మాటిమాటికి వెళ్ళాల్సి రావడం, కొందరికి విరేచనం తేడా చేయడం. గింజలతో మూత్రం ఇబ్బంది కొంచెం ఎక్కువ నెలలు ఉండొచ్చు."

"మరి... ఆ సంగతి?"

నిదానం గోడ మీదున్న అగ్నిమాపక సూచనలను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

"కొందరికి మెల్లగా తగ్గుతుందమ్మా, ఏళ్ళ మీద. అందరికీ కాదు. మందులున్నాయి. అడిగారు, మంచిపని చేశారు. చాలామంది అడక్కుండానే వెళ్ళిపోతారు."

బయటికొచ్చాక మెట్ల మీద అతను గొణిగాడు. "నీకు సిగ్గులేదా?"

"నేను అడక్కపోతే మీరు అడుగుతారా? ఆ గోడ మీద ఉన్నదంతా బట్టీపట్టేశారు. నిప్పంటుకుంటే ఎటు పరిగెత్తాలో చెప్పండి చూద్దాం."

ఆ నెల ఇంట్లో ఏ వస్తువూ పెట్టిన చోట ఉండలేదు. డ్యూటీ నుంచి వచ్చి చొక్కా అయినా విప్పకుండా వంటింటి అరలన్నీ దింపి తుడిచేవాడు. బాగానే ఉన్న కుళాయి వాషరు మార్చాడు. అన్నం తింటూ మధ్యలో లేచి వరండాలోకి వెళ్ళి, ఎందుకొచ్చానో మర్చిపోయి తిరిగొచ్చేవాడు. బావమరిది రోజుకొకటి చెప్పేవాడు. "ఐదుసార్లది కొత్తది బావా, అదే మంచిది." మర్నాడు, "కొత్తదంటే మరీ కొత్తది, పాతదే నయమేమో." కాలనీలో రిటైరైన లెక్కల మాస్టారికి ఏడేళ్ళ కిందట ముప్పై ఏడుసార్లు కరెంటు పెట్టారని తెలిసి వెళ్ళి అడిగితే, ఆయన తన మోకాళ్ళ నొప్పుల గురించి గంటన్నర చెప్పి పంపించాడు.

కానీ నిదానం మనసు అప్పటికే గింజల మీదికి పోయింది. కారణం వైద్యం కాదు, డిపో. జబ్బు అని తెలిస్తే డ్రైవర్ని బస్సు దింపి స్టోర్సులో కూర్చోబెడతారు. అతని జతగాడొకణ్ణి అలాగే గుండె బాగాలేదని కూర్చోబెట్టారు. ఏడాది తిరక్కముందే ఆ మనిషి నట్లు, బోల్టుల మధ్య ఇంకో బోల్టులా అయిపోయాడు. ఒక్కరోజు పని అయితే, వారం సెలవు పెట్టి, నడుం పట్టేసిందని చెప్పి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరిగొచ్చి సీట్లో కూర్చోవచ్చు. ఎవరికీ తెలియదు.

మళ్ళీ వెళ్ళి ఆ మాటే చెప్పాడు. డాక్టరు గ్రంథి కొలత, మూత్రం ధార పరీక్ష చూసి సరిపోతుందంది. "ఇంట్లో చిన్నపిల్లలు గానీ, గర్భిణులు గానీ ఉన్నారా? గింజల నుంచి బయటికొచ్చే రేడియేషన్ చాలా తక్కువే, అయినా మొదటి రెండు నెలలు వాళ్ళ పక్కనే ఎక్కువసేపు కూర్చోవద్దంటాం. ముందుజాగ్రత్త."

"లేరండీ. మేమిద్దరమే. అమ్మాయి వేరే ఊళ్ళో బళ్ళో పాఠాలు చెబుతుంది, ఇంకా పెళ్ళి కాలేదు."

మూడు వారాల తర్వాత వచ్చే ఒక శుక్రవారానికి తేదీ ఇచ్చారు.

ఇక అతని కండక్టరు సంగతి. ఇరవై ఏడేళ్ళ అమ్మాయి, కాంట్రాక్టు మీద చేరి రెండేళ్ళయింది. నోట్లో విజిల్ పెడితే రెండు వీధుల అవతల కుక్కలు లేస్తాయి. అందుకే ఆమె పేరు విజిల్. టికెట్లు కొట్టడం అయిపోయాక బానెట్ పక్కనున్న చిన్న సీటు మీద కూర్చుని, స్టేజీ వచ్చేదాకా అతనితో కబుర్లు చెప్పేది. అతన్ని బాబాయ్ అనేది.

తేదీ ఇచ్చిన ఆ వారంలోనే ఒక ఉదయం ఆమె అంది, "బాబాయ్, ఆ స్పీడ్ బ్రేకర్ దగ్గర కాస్త మెల్లగా పోనివ్వండి."

నిదానం అద్దంలోంచి చూశాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో అతన్ని మెల్లగా పొమ్మన్న మొదటి మనిషి ఆమె. ఒక చేత్తో కమ్మీ పట్టుకుంది. రెండో చెయ్యి పొట్ట మీద ఉంది. నాలుగు రోజులుగా చివరి స్టేజీలో ఆమె షెడ్డు వెనక్కి వెళ్ళి మొహం కడుక్కుని రావడం, తిన్నది పడలేదనడం, అన్నీ ఒక్కసారిగా ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి.

ఇంట్లో గర్భిణులు ఉన్నారా అనే కదా డాక్టరు అడిగింది. బస్సు ఇల్లు కాదు కదా. మూడు రోజులు ఆ ఒక్క ముక్కనే పట్టుకుని వేలాడాడు. కానీ ఇంట్లో భార్యకు ఎదురుగా కూర్చునేది రోజుకు గంట. ఇక్కడ ఈ పిల్ల పక్కన కూర్చునేది ఎనిమిది గంటలు. నాలుగో రోజు పొద్దున్నే భార్య కొలత టేపు జేబులో వేసుకుని డిపోకు వెళ్ళి, బస్సెక్కి, తన సీటు నుంచి ఆ సీటుకు కొలిచాడు. డెబ్బై రెండు సెంటీమీటర్లు. మళ్ళీ కొలిచాడు. డెబ్బై రెండే.

"సీటు కవరు కుట్టిస్తున్నావా నిదానం?" కింది నుంచి మెకానిక్కు అడిగాడు.

"ఆ... అవును."

"ఎర్రది కుట్టించు. మురికి కనబడదు."

ఆ రోజు మొదటి ట్రిప్పులోనే విజిల్‌తో అన్నాడు, "ఇకనుంచి వెనక సీట్లో కూర్చోమ్మా."

"ఎందుకు?"

"ఊరికే. ఇక్కడ ఇంజిను వేడి."

"రెండేళ్ళ నుంచి లేని వేడి ఇవాళ పుట్టిందా?" ఆమె టికెట్ల సంచి ఒళ్ళోకి లాక్కుంది. "నా గురించి మీకు ఎవరైనా ఏమైనా చెప్పారా?"

అతను గేరు మార్చాడు. ఆమె లేచి వెనక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు రోజులూ బస్సు మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోని ఇల్లులా నడిచింది. విజిల్ పొట్టిగా, కోపంగా మోగేది. అంతకన్నా అతన్ని తిన్నది ఇంకొకటి. వెనక సీటు సరిగ్గా చక్రాల మీద ఉంటుంది. ముందున్నవాళ్ళకు చిన్న కుదుపు అయ్యేది అక్కడ ఎత్తి కుదేస్తుంది. ఇది బస్సు నడిపేవాడికి తెలియనిది కాదు. ప్రతి గుంత దగ్గరా అతని కళ్ళు అద్దంలోకి పోయేవి. ఆమె రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని కాస్త పైకి లేచి ఉండేది. మూడో రోజు అద్దం చూస్తూ చూస్తూ ఎర్రలైటు దాటించబోయి, గట్టిగా బ్రేకు తొక్కాడు. నిలబడ్డ జనమంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. "ఇవాళేంటి నిదానం గారూ!" అని ఎవరో అరిచారు.

చివరి స్టేజీలో బస్సు ఖాళీ అయ్యాక విజిల్ ముందుకు వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీకు తెలిసిపోయిందని నాకు తెలుసు బాబాయ్. డిపోలో చెప్పేస్తారా? ఐదో నెల. కాంట్రాక్టు వాళ్ళను తెలిసిన రోజే లైను మీద నుంచి తీసేస్తారు, మళ్ళీ పిలుస్తారన్న నమ్మకం లేదు. ఇంకో రెండు నెలలు చేద్దామనుకున్నా. మీరు కూడా పక్కన కూర్చోనివ్వకపోతే ఇక నేనెవరికి..."

"అయ్యో, నీ గురించి కాదు తల్లీ."

"మరెవరి గురించి?"

నిదానం స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, ఆగి ఉన్న బస్సును నడుపుతున్నట్టు ముందుకే చూస్తూ, జబ్బు పేరు చెప్పాడు. ఇంటి బయట ఆ మాట అనడం అదే మొదటిసారి. గింజల గురించి చెప్పాడు. డెబ్బై రెండు సెంటీమీటర్ల గురించీ చెప్పాడు.

ఆమె తన సీటు వైపు, అతని సీటు వైపు చూసింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "అంటే ఈ బస్సులో స్కానింగు చేయించుకోనిది ఇంజినొక్కటేనన్నమాట" అంది.

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

"వేయించుకోండి బాబాయ్. నేను వెనకే కూర్చుంటా. నాకేం కాదు."

"వెనక ఎలా ఉంటుందో నాకు తెలియదా? నా పని నేను చూసుకుంటా. నువ్వు వచ్చి నీ సీట్లో కూర్చో."

ఇంటికెళ్ళి భార్యకు అంతా చెప్పాడు. టేపు ఎందుకు మాయమైందో ఆమెకు అప్పుడు అర్థమైంది. తిడుతుందనుకున్నాడు. ఆమె కత్తిరిస్తున్న కాగితం పక్కన పెట్టి, "అసలు మీరు గింజలు ఎందుకు వేయించుకుంటానన్నారు? మీ ఒంటికి మంచిదనా, డిపోకి తెలియకూడదనా?" అని అడిగింది.

అతను టేపు చుట్టి ఆమె ముందు పెట్టాడు.

"ఒంటికి వైద్యం చేయించుకుంటూ డిపోని చూసి ఎంచుకుంటారా? అది వేరే వాళ్ళ కొలతలకు చొక్కా కుట్టించుకోవడం."

డాక్టరు దగ్గరికి మూడోసారి వెళ్ళారు. ఆమె కళ్ళజోడు తీసి ఓపిగ్గా విన్నది. "పని చేసే చోటు సంగతి నేనూ అడగాల్సింది. ఆ అమ్మాయి రెండు మీటర్ల దూరంలో కూర్చుంటే చాలు, గింజలు మానుకోనక్కర్లేదు. కానీ మీకింకా దారులున్నాయి" అంది. ఇరవైసార్లదీ ఐదుసార్లదీ మళ్ళీ పక్కపక్కన పెట్టారు. ఇరవై అయితే రోజూ రావాలి, ఇబ్బంది మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఐదు అయితే పది పన్నెండు రోజుల్లో అయిపోతుంది, మొదటి వారాల్లో మంట కాస్త గట్టిగా ఉండొచ్చు. నిదానం ఈసారి గోడ వైపు చూడలేదు. ప్రశ్నలు అడిగాడు. మంట ఎన్నాళ్ళు, ఎన్నిసార్లు వెళ్ళాల్సి వస్తుంది, రెండు గంటలు సీట్లో కూర్చోగలనా? మందులతో చాలామంది కూర్చోగలరని, ఖచ్చితంగా చెప్పలేనని ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఐదుసార్లదే చేయండి. ఇరవై రోజులు ఇలా ఎదురుచూస్తే జబ్బుకన్నా ముందు మా ఆవిడ నన్ను చంపేస్తుంది."

గురి సరిగ్గా పడటానికి గ్రంథిలో ముందుగా మూడు బంగారు నలుసులు పెట్టారు. "పెళ్ళయిన ముప్పై ఏళ్ళకు ఇంట్లోకి బంగారం వచ్చిందంటే, అది వెళ్ళి అక్కడ కూర్చుందా!" అంది భార్య. నర్సు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది.

అసలు చికిత్సలో అతన్ని ఏడిపించింది మెషీను కాదు, నీళ్ళు. ప్రతిసారీ మూత్రాశయం నిండుగా ఉండాలి. అరలీటరు తాగి గంట ఆపుకోవాలి. ఇరవై తొమ్మిదేళ్ళు ఆపుకుంటూ బస్సు నడిపినవాడికి అదెంత పని అనుకున్నాడు. మొదటిరోజు బల్ల మీద పడుకోబెట్టి చూసి, సరిపోలేదు, ఇంకా తాగి నడవమన్నారు. కారిడార్లో ఆ చివరికీ ఈ చివరికీ నడిచాడు. రెండోసారి నిండింది కానీ ముందున్న రోగికి ఆలస్యమైంది. చెమటలు కారుతుండగా గోడకానుకుని, పళ్ళు బిగబట్టి నిలబడ్డాడు. మెషీను మాత్రం చుట్టూ ఒకసారి మెత్తగా తిరిగి, ఏమీ జరగనట్టే ఆగింది. నొప్పి లేదు, వేడి లేదు. "ఇంతేనా?" అని అడిగాడు.

అంతటితో అయిపోలేదు. వారపు సెలవొకటీ, మిగిలి ఉన్న నాలుగు సెలవులూ వాడుకుని ఐదుసార్లూ పూర్తి చేయించుకున్నాడు. డిపోకు నడుం నొప్పి అనే చెప్పాడు. ఆ ఒక్క మొండితనం ఇంకా వదల్లేదు. తర్వాత రెండో వారంలో మంట మొదలైంది. మందు వేసుకున్నాడు, నీళ్ళు తగ్గించాడు. ఒక మంగళవారం మధ్యాహ్నం, నిండు బస్సుతో, రెండు స్టేజీల మధ్యలో, ఇక ఒక్క నిమిషం కూడా ఆగలేని స్థితి వచ్చింది.

పక్కకు తీసి ఆపాడు. హ్యాండ్ బ్రేకు వేశాడు. దిగి ఎదురుగా ఉన్న టైర్ల షాపులోకి పరిగెత్తాడు. నిదానం పరిగెత్తడం పద్నాలుగో రూటు చూడటం అదే మొదలు.

వెనక జనం గోల. "డ్రైవరెక్కడికి పోయాడు?" "మాకు పనుల్లేవా?" విజిల్ బానెట్ సీటు మీద నుంచి లేచి గట్టిగా ఊదింది. బస్సంతా నిశ్శబ్దమైంది.

"మనిషండీ ఆయన. ఇంజినుకే గంటకోసారి నీళ్ళు చూస్తాం. ఐదు నిమిషాలు. కూర్చోండి."

అతను తిరిగొచ్చేసరికి జనం కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు. తర్వాతి స్టేజీలో ఒక ముసలాయన మాత్రం అతని భుజం మీద తట్టి దిగిపోయాడు. నిదానం ఆ ట్రిప్పు పూర్తి చేసి, బస్సు డిపోలో పెట్టి, తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మేనేజరు కాగితాలు అడిగాడు, చూశాడు, "ముందే చెప్పి ఉండాల్సింది. దారిలో ఏదైనా అయితే?" అని కోప్పడ్డాడు. ఆ కోపం న్యాయమైనదే. మూడు నెలలు లైను నుంచి తప్పించి, బస్సుల టైములు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఆ మూడు నెలలూ అతనికి సుఖంగా గడవలేదు. కిటికీలోంచి పద్నాలుగు వెళ్తుంటే గేరు మార్చే చప్పుడు విని మొహం చిట్లించేవాడు. ఒక పని మాత్రం చేశాడు. చివరి స్టేజీలో డ్రైవర్లకిచ్చే ఆగే సమయం నాలుగు నిమిషాలని, అక్కడి మరుగుదొడ్డికి పోయి రావడానికే ఆరు పడుతుందని కాగితం మీద రాసి పెట్టాడు. రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి పది నిమిషాలు చేశారు.

విజిల్‌ను ఏడో నెలలో, తనంతట తనే చెప్పాక, లైను నుంచి తీసేశారు. ఆడపిల్ల పుట్టింది. ఎనిమిది నెలలు తిప్పించుకుని మళ్ళీ కాంట్రాక్టు ఇచ్చారు కానీ పద్నాలుగు మీద కాదు, ఊరవతలి రూటు మీద. నిదానం మేనేజరు దగ్గరికి వెళ్ళి ఆమె గురించి చెప్పాడు గానీ, ఆ మాట పనిచేసిందో లేదో తెలియదు.

మంట రెండు నెలలకు తగ్గింది. ఆ రోజు భార్య డాక్టర్ని అడిగిన ఆ సంగతి కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. డాక్టరిచ్చిన మాత్ర మొదటిసారి వేసుకున్న రోజు ఇద్దరూ దాని కాగితం మీది హెచ్చరికలన్నీ పైకి చదువుకుని, నవ్వి నవ్వి, చివరికి ఏమీ చేయకుండానే నిద్రపోయారు. తర్వాతి సంగతి వాళ్ళిద్దరిదీ.

రక్తంలో అంకె మూడు నెలలకు సగానికి, ఏడాదికి ఒకటి దగ్గరికి వచ్చింది. "బాగుంది. ఇంకా దిగుతుంది. ఆర్నెల్ల తర్వాత రండి" అంది డాక్టరు.

బయట బల్ల మీద కూర్చుని చెప్పులు సరిచేసుకుంటూ అతను అడిగాడు, "గింజలే వేయించుకుని ఉంటే ఈపాటికి ఇంకా తగ్గేదేమో కదా?"

"ఏమో."

"ఇరవైసార్లది అయితే ఆ మంట ఉండేది కాదేమో."

"ఏమో. నాకు తెలియదు. మీకూ తెలియదు. లేవండి, నాకు వర్క్‌షాపులో నలభై నిక్కర్లు కత్తిరించాల్సి ఉంది."

అతను లేచాడు. నాలుగడుగులు వేశాక ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, జేబులోంచి రిపోర్టు తీసి ఇంకోసారి ఆ అంకె చూసుకున్నాడు. ఆమె వెనక్కి వచ్చి, కాగితం చేతిలోంచి తీసుకుని, మడిచి తన సంచిలో వేసుకుంది. అతనికి రెండు గంటలకు మళ్ళీ పద్నాలుగు మీద డ్యూటీ ఉంది.